కాలి వాపు, రెండు మందుల సంచులు

(ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అణచిపెట్టే మందులు వాడుతున్నవారి కోసం, వారితో పనిచేసే కౌన్సెలర్లు, ఫీల్డు సిబ్బంది కోసం గోదావరి జిల్లాల్లో జరిగిన ఒక సమావేశంలో ఒక ఫిజీషియన్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఫ్యాను కింద కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

మనలో చాలామందికి 2004 గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పట్లో మా భయాలన్నీ టీబీ గురించి, మెదడు జ్వరాల గురించి, సీడీ4, అంటే రోగాలతో పోరాడే తెల్ల కణాల లెక్క, ఎంత పడిపోయిందన్న దాని గురించి. మనిషి ఈ వారం బతికితే చాలనుకునేవాళ్లం. కాలు వాచిందంటే దాని గురించి ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. ఇప్పుడు అదే మనిషి మనవడిని ఎత్తుకుని సెంటరుకి వస్తున్నాడు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, కనపడనంత తక్కువ. సంతోషం. అయితే ఇన్నేళ్లు బతికాడు కాబట్టే గుండె, ఊపిరితిత్తులు, రక్తనాళాల సంగతి చూడాల్సిన రోజులొచ్చాయి. ఈరోజు అందులో ఒక్క ముక్క మాట్లాడతాను. రక్తం గడ్డకట్టడం.

గోదావరి పక్కన పుట్టినవాళ్లకు వరద గురించి చెప్పక్కర్లేదు కదా. గట్టు ఎక్కడో లీకైందని కబురొస్తే ఊరంతా పరిగెత్తి ఇసుక బస్తాలు వేస్తుంది. ముందు చేతికందిన బస్తాలు పడేస్తారు, తర్వాత కర్రలు పాతి, తడకలు కట్టి గట్టి చేస్తారు. రక్తం చేసే పని కూడా ఇంచుమించు ఇంతే. నాళానికి దెబ్బ తగిలితే ప్లేట్‌లెట్లు వచ్చి అడ్డం పడతాయి. వాటి మీద ఫైబ్రిన్ అనే పోగులు వలలాగా అల్లుకుంటాయి. గాయం మానాక ఆ బస్తాలు తీసేసే కూలీలు కూడా మన రక్తంలోనే ఉన్నారు. వాళ్లు తీసేటప్పుడు కొట్టుకుపోయే గోనె ముక్కల్లాంటి వాటినే ల్యాబులో డీ-డైమర్ అంటారు. కోవిడ్ రోజుల్లో ఈ పేరు అందరికీ నోటికొచ్చింది.

మరి హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో జరిగేదేమిటి? గట్టుకు గండి లేదు. అయినా కాపలావాళ్లకు రోజూ తప్పుడు కబురు వస్తూ ఉంటుంది. వాళ్లు బస్తాలు వేస్తూనే ఉంటారు.

ఆ తప్పుడు కబురు ఎక్కడి నుంచి వస్తుందంటే, చాలావరకు పేగుల నుంచి. వైరస్ ఒంట్లోకి వచ్చిన మొదటి వారాల్లోనే పేగు గోడలో ఉండే సీడీ4 కణాలను పెద్దఎత్తున చంపేస్తుంది. మందులు వేసుకుంటే రక్తంలో సీడీ4 పెరుగుతుంది కానీ పేగు గోడ పూర్తిగా కోలుకోదు. అందులోంచి సూక్ష్మక్రిముల తునకలు కొద్దికొద్దిగా రక్తంలోకి కారుతుంటాయి. వాటిని చూసి కొన్ని తెల్ల రక్తకణాలు గడ్డకట్టే పనిని మొదలుపెట్టే ప్రోటీన్‌ను పైకి తెస్తాయి. రక్తనాళం లోపలి పొర ఎప్పుడూ కాస్త కందినట్టే ఉంటుంది. ఇంకోవైపు, గడ్డకట్టడానికి బ్రేకులు వేసే ప్రోటీన్-ఎస్ అనే పదార్థం హెచ్‌ఐవీ ఉన్న చాలామందిలో తక్కువగా కనపడుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టి, బ్రేకు వైరు లూజు చేసినట్టన్నమాట.

కాళ్ల సిరల్లో, ఊపిరితిత్తుల్లో గడ్డలు హెచ్‌ఐవీ లేనివాళ్లతో పోలిస్తే రెండు నుంచి పది రెట్లు ఎక్కువని పాత అధ్యయనాలు చెప్పాయి. పది రెట్లనగానే టెన్షన్ పడకండి. అందులో చాలా భాగం సీడీ4 200 లోపు ఉన్నవాళ్లది, టీబీతోనో క్యాన్సర్‌తోనో మంచాన పడ్డవాళ్లది. మందులు సక్రమంగా వేసుకుని వైరస్‌ను అణచిపెట్టిన మనిషికి ఆ ముప్పు బాగా తగ్గుతుంది. సున్నా అవుతుందని మాత్రం చెప్పలేను.

ఇక్కడ ఒక పెద్ద అధ్యయనం గురించి చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ 'కొన్నాళ్లు మందు ఆపితే ఒంటికి విశ్రాంతి కదా సార్' అని అడిగేవాళ్లున్నారు. ఆ ఆలోచన ఒకప్పుడు డాక్టర్లకూ ఉండేది. స్మార్ట్ అనే పేరుతో 33 దేశాల్లో 5,472 మందితో పరీక్ష పెట్టారు. సగం మంది మందులు ఆపకుండా వేసుకున్నారు. మిగతా సగం సీడీ4 350 దాటితే ఆపి, 250 కంటే తగ్గితే మళ్లీ మొదలుపెట్టారు. మందులు ఆపిన వాళ్లకు గుండె, కాలేయం, కిడ్నీ దెబ్బతినడం తగ్గుతుందని ఆశ. జరిగింది తలకిందులు. ఆపినవాళ్లలో మరణాలు దాదాపు 1.8 రెట్లయ్యాయి. గుండె జబ్బులు కూడా వాళ్లలోనే ఎక్కువ. 2006 జనవరిలో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. దాచిపెట్టిన రక్తం నమూనాలను తర్వాత తీసి చూస్తే, మందు ఆపిన ఒక్క నెలకే డీ-డైమర్ పెరిగింది. ఎవరి డీ-డైమర్ ఎక్కువ ఉందో వాళ్లే ఎక్కువగా చనిపోయారు. అంటే మీరు మందుకు సెలవిచ్చిన నెలలో బయటికి ఏమీ తెలియదు, ఆకలి బాగానే వేస్తుంది, పనికీ వెళ్తారు. లోపల మాత్రం బస్తాలు పడుతుంటాయి.

ఇక కాలి సంగతి.

నా దగ్గరికి వచ్చే ఒకావిడ కుట్టుమిషను పని చేస్తుంది. వయసు నలభై లోపే. మొదటి లైను మందులు పనిచేయక రెండో లైనుకు మారి, అటజనవిర్, రిటోనవిర్ ఉన్న మందులు క్రమంగా వాడుతోంది. వైరల్ లోడ్ బాగుంది. నా కాగితాల్లో ఆవిడ మంచి పేషెంటు. ఒక వానాకాలం ఎడమ పిక్క వాచింది. మిషను తొక్కుతుంది కాబట్టి నరం పట్టేసిందనుకుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ నొప్పి ఇంజెక్షన్ చేశాడు. పక్కింటి పెద్దావిడ చూసి ఇది బోదకాలు మొదలవుతున్నట్టుందని అన్నది. మన డెల్టాలో ఆ అనుమానం రావడం తప్పు కాదు, ఒకప్పుడు ఇంటికొకరు ఉండేవాళ్లు. ఇంకెవరో నువ్వుల నూనె కాచి గట్టిగా మర్దన చేశారు. ఆరో రోజు మెట్లెక్కుతుంటే ఊపిరాడలేదు, పక్కలో పొడిచినట్టు నొప్పి.

పిక్కలోని గడ్డ ముక్క విరిగి ఊపిరితిత్తికి చేరింది. దీన్నే పల్మనరీ ఎంబాలిజం అంటాం. మన దగ్గర దీనికి ఇంకో చిక్కుంది. హెచ్‌ఐవీ ఉన్న మనిషికి ఆయాసం అనగానే టీబీ అనో న్యుమోనియా అనో మందులు మొదలవుతాయి. గడ్డ ఎవరికీ గుర్తు రాదు.

కాబట్టి ఈ మాట గుర్తుంచుకోండి. రెండు కాళ్లూ సమానంగా వాస్తే కారణాలు సాధారణంగా వేరు. రక్తం తగ్గిందా, కిడ్నీ, గుండె, లివరు ఎలా ఉన్నాయి అని చూస్తాం. ఒక్క కాలే, అదీ రోజుల్లోనే వాచి, పిక్క బరువుగా, వెచ్చగా, నొక్కితే నొప్పిగా ఉంటే, రెండో కాలితో పోలిస్తే పిక్క చుట్టుకొలత మూడు సెంటీమీటర్లకు మించి పెరిగితే, అది గడ్డ అయ్యుండొచ్చు. బోదకాలు ఇలా రాత్రికి రాత్రి రాదు. టైలరమ్మ దగ్గర టేపు ఎలాగూ ఉంటుంది, కొలుచుకోండి. మర్దన మాత్రం చేయొద్దు. గడ్డ అవునో కాదో డాప్లర్ స్కాన్‌లో, అంటే నాళాల్లో రక్తం పారుతోందా లేదా చూపే స్కాన్‌లో, తేలిపోతుంది. ఆయాసం కూడా వచ్చిందంటే ఓపీ రోజు కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఆవిడ బతికింది. వేరే ఊళ్లో ఒక ఆసుపత్రిలో సీటీ తీసి గడ్డ కనిపెట్టారు, గడ్డ పెరగకుండా హెపారిన్ ఇంజెక్షన్ ఇచ్చారు, రివరోక్సబాన్ అనే రక్తం పల్చన చేసే మాత్ర రాసి ఇంటికి పంపారు. వైద్యం సరిగ్గానే చేశారు, వాళ్లకు తెలిసినంతలో. వాళ్లకు తెలియనిది ఒకటే. ఆవిడ తన ఏఆర్‌టీ మందుల గురించి చెప్పలేదు. ఆ మాత్రలు ఒక గుడ్డ సంచిలో బీరువా వెనక ఉంటాయి. ఆసుపత్రి మందులు పాలిథిన్ సంచిలో టీవీ పక్కన ఉంటాయి. ఆ రెండు సంచులూ ఎప్పుడూ ఎదురుపడలేదు. నెల తిరగకుండా చిగుళ్ల నుంచి రక్తం, తర్వాత నెలసరి ఆగకుండా పదమూడు రోజులు. మా దగ్గరికి వచ్చేసరికి మనిషి సున్నంలాగా తెల్లబడిపోయింది.

తప్పు ఆవిడది అని తేల్చేయడం సులువు. నా మాట చెప్తాను. అంతకుముందు నెల ఆవిడ మా ఓపీకి వచ్చింది. సీడీ4 చూశాను, బరువు రాశాను, 'మందులు వేసుకుంటున్నావా అమ్మా' అని అడిగాను. వేసుకుంటున్నా అన్నది. 'ఇంకేం మందులు వేసుకుంటున్నావ్' అని నేను అడగలేదు. బయట ఎనభై మంది ఉన్నారు, నిజమే. కానీ ఆ ప్రశ్నకు పట్టే టైము ఎంత?

ఇంతకీ ఆ రెండు మాత్రలకూ పేచీ ఏమిటి? మళ్లీ కాలువ దగ్గరికే వెళ్దాం. మన లివర్లో కొన్ని ఎంజైములు లాకుల్లాగా పనిచేస్తాయి. మందు అనే నీటిని కొద్దికొద్దిగా కిందికి వదిలేస్తుంటాయి. అటజనవిర్ తొందరగా వెళ్లిపోకుండా ఉండాలని దానికి తోడుగా రిటోనవిర్ ఇస్తారు. రిటోనవిర్ ఆ లాకు తలుపు మూసేస్తుంది. వైరస్ మందు నిల్వ ఉంటుంది, మంచిదే. కానీ అదే కాలువలో వెళ్లాల్సిన రివరోక్సబాన్ కూడా వెనకే నిలిచిపోయి మట్టం పెరిగిపోతుంది. రోజుకొక మాత్ర వేసుకున్నా, ఒంట్లో అంతకు రెట్టింపు పైగా ఉన్నట్టు. అదే రకం మాత్ర అపిక్సబాన్‌కీ రిటోనవిర్ దగ్గర ఇదే ఇబ్బంది.

టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ ఇందుకు సరిగ్గా తలకిందులు. అది షట్టర్లన్నీ ఎత్తేస్తుంది. రివరోక్సబాన్ అయినా అపిక్సబాన్ అయినా దాని పక్కన సగానికి పడిపోతుంది. మనిషి మాత్ర వేసుకుంటూనే ఉంటాడు, గడ్డ పెరుగుతూనే ఉంటుంది. టీబీ, హెచ్‌ఐవీ, గడ్డ మూడూ ఒకే మనిషిలో కలవడం మనకు అరుదేమీ కాదు. టీబీ కూడా గడ్డల్ని పెంచే జబ్బే. హెచ్‌ఐవీకి ఇచ్చే పాత మందు ఎఫావిరెంజ్ కూడా కొంతవరకు రిఫాంపిసిన్ దారే.

మరి ఇప్పుడు మీలో ఎక్కువమంది వేసుకుంటున్నదేమిటి? టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రవిర్ కలిపిన ఒక్క మాత్ర. టీఎల్‌డీ అంటాం. అది లాకుల జోలికి పోదు. రక్తం పల్చన చేసే మాత్రలతో దానికి పెద్ద గొడవ లేదు. అందుకే మీ మందు పేరు మీకు తెలిసి ఉండాలంటాను. 'తెల్ల మాత్ర', 'రాత్రి మాత్ర' అంటే నాకే అర్థం కావట్లేదు, కొత్త డాక్టరుకి ఏం అర్థమవుతుంది?

గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్నవాళ్లకు ఇంకో తిరకాసు. క్లోపిడోగ్రెల్ అనే మాత్ర మింగిన రూపంలో పనిచేయదు, లివర్ దాన్ని మార్చాకే పనిచేస్తుంది. రిటోనవిర్ ఆ మార్పుకు అడ్డం పడుతుంది. అంటే స్టెంటు మూసుకుపోకుండా ఇచ్చిన మందు సరిగ్గా పనిచేయదు. టికాగ్రెలర్ అయితే దీనికి ఎదురు, ఒంట్లో పేరుకుపోయి రక్తస్రావం తెస్తుంది. ఒకే రిటోనవిర్, ఒకచోట మందును పెంచుతుంది, ఇంకోచోట పనికిరాకుండా చేస్తుంది. కొలెస్ట్రాల్‌కి ఇచ్చే సింవాస్టాటిన్‌ని అయితే దాని పక్కకే రానీయకూడదు, కండరాలు దెబ్బతింటాయి. అలాగని స్టాటిన్లు మనకు పనికిరావని కాదు సుమా. రిప్రీవ్ అనే అధ్యయనంలో 12 దేశాల్లో, అందులో మన దేశం కూడా ఉంది, హెచ్‌ఐవీ ఉన్న 7,769 మందిలో పిటావాస్టాటిన్ గుండె, మెదడు జబ్బుల్ని 35 శాతం తగ్గించిందని 2023లో తేలింది. 40 దాటినవాళ్లు ఈ విషయం మీ డాక్టరును అడగండి.

మా టైలరమ్మకి రివరోక్సబాన్ ఆపి, రక్తం ఎక్కించి, కొన్నాళ్లు పొట్ట మీద హెపారిన్ ఇంజెక్షన్లు ఇచ్చి, తర్వాత వార్ఫరిన్ అనే ఇంకో పల్చన చేసే మాత్ర పెట్టి, ఐఎన్‌ఆర్, అంటే రక్తం ఎంత పల్చబడిందో చెప్పే పరీక్ష, చూస్తూ వచ్చాం. ఏఆర్‌టీ మార్చవచ్చా అని నిపుణుల ప్యానెల్‌కి కూడా రాశాం.

వార్ఫరిన్ అంటే ఎలుకల మందట కదా సార్ అని ఆవిడ కొడుకు ఫోనులో చూసి అడిగాడు. నిజమే. 1920ల్లో అమెరికా, కెనడాల్లో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ అనే గడ్డి తిని పశువులు రక్తం ఆగక చనిపోయేవి. దాంట్లో ఏముందో విస్కాన్సిన్ యూనివర్సిటీలో కార్ల్ పాల్ లింక్ బృందం పట్టుకుంది. దాని నుంచి తయారైన వార్ఫరిన్‌ను 1948లో ఎలుకల మందుగా అమ్మారు. 1955లో గుండెపోటు వచ్చినప్పుడు అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి ఇచ్చింది కూడా దాన్నే. మోతాదులోనే ఉంది సంగతంతా. అందుకే ఐఎన్‌ఆర్ పరీక్ష మానకూడదు. మన ఊళ్లలో చాలామందికి దీని బదులు అసెనోకౌమరాల్ రాస్తారు, దానికీ ఇదే పద్ధతి. ఈ రెండూ విటమిన్-కె మీద పనిచేస్తాయి కాబట్టి ఆకుకూరలు మానేయమని ఎవరో ఒకరు చెప్తారు. మానక్కర్లేదు. వారానికి రెండుసార్లు తోటకూర తినే ఇల్లయితే రెండుసార్లే తినండి. వారమంతా మానేసి, ఆదివారం మునగాకు, పాలకూర, గోంగూర కలిపి పండగ చేస్తేనే ఐఎన్‌ఆర్ పైకీ కిందికీ ఊగుతుంది.

ఇంకో మాట. రక్తం పల్చన చేసే మందు ఉన్న గడ్డను కరిగించదు. కొత్త బస్తాలు పడకుండా ఆపుతుంది, అంతే. పాతవి తీసేది మన ఒంట్లో కూలీలే. అందుకే కనీసం మూడు నెలలంటాం. వాపు తగ్గిందని పదిహేనో రోజున ఆపేసి మళ్లీ వచ్చినవాళ్లను చూశాను.

ఆ మందు మీద ఉండగా మెడికల్ షాపులో డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు కొనొద్దు. కడుపులో రక్తం కారుతుంది. పైగా మీ టీఎల్‌డీలో టెనోఫోవిర్ ఉంది, దానికి ఈ నొప్పి మాత్రలు తోడైతే కిడ్నీకి దెబ్బ. జ్వరానికీ నొప్పికీ పారాసెటమాల్ చాలు.

ఆడవాళ్లతో ఒక నిమిషం. ఇంట్లో వ్రతమనో, తిరుపతి ప్రయాణమనో నెలసరి వాయిదా మాత్రలు షాపులో అడిగి తెచ్చుకుంటారు. అందులో ఎక్కువగా ఉండేది నోరెథిస్టెరోన్. ఆ మోతాదులో అది కొంత ఈస్ట్రోజన్‌గా మారి గడ్డల ముప్పు పెంచుతుంది. ఒకసారి గడ్డ వచ్చినవాళ్లు, సీడీ4 తక్కువున్నవాళ్లు డాక్టరును అడగకుండా అవి వేసుకోవద్దు. దేవుడికి మీ ఇబ్బంది తెలుసు. కాన్పు తర్వాత ఆరు వారాలు గడ్డలకు అన్నిటికంటే ప్రమాదమైన కాలం. ఆ రోజుల్లోనే మనం బాలింతను మంచం దిగనివ్వం, నీళ్లు చెంబుతో కొలిచి ఇస్తాం. ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడుతుంది, మెదడులోని సిరల్లో గడ్డకట్టి ఫిట్స్ వచ్చిన బాలింతలను మన ఆసుపత్రులన్నీ చూశాయి. దాహమేస్తే ఇవ్వండి. నడవనివ్వండి. గర్భంతో ఉన్నప్పుడు గడ్డ వస్తే వార్ఫరిన్ మాత్రలు బిడ్డకు మంచివి కావు, హెపారిన్ ఇంజెక్షనే ఇస్తాం. అందుకే ముందే చెప్పాలి.

నేను చాలాసేపు తీసుకున్నాను. ప్రశ్నలుంటే అడగండి.

(ఒకాయన: వెల్లుల్లి తింటే రక్తం పల్చబడుతుందంటారు కదా సార్, ఈ మాత్రలెందుకు?)

పచ్చట్లో వేసుకునే నాలుగు రెబ్బలు రుచికి బాగుంటాయి బాబాయ్. కట్టిన గడ్డకు అది మందు కాదు. (నవ్వులు) వెల్లుల్లి క్యాప్సూళ్లు అమ్ముతున్నారు, అవి మాత్రం వార్ఫరిన్‌తో కలిపి వేసుకోవద్దు.

(ఒక కౌన్సెలర్: అందరికీ డీ-డైమర్ చేయిస్తే ముందే తెలుస్తుంది కదా సార్?)

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో అది ఊరికే కూడా కాస్త ఎక్కువ ఉంటుంది. జ్వరమొచ్చినా పెరుగుతుంది. బాగున్న మనిషికి చేయించి, ఎక్కువ వచ్చిందని రక్తం పల్చన చేసే మందు పెట్టలేం కదా. డబ్బులు దండగ, పైగా నిద్ర పట్టదు. కాలు వాచినవాళ్లకు అయితే అది పనికొస్తుంది, అనుమానం తక్కువున్నప్పుడు నార్మల్ వస్తే గడ్డ లేదని చెప్పొచ్చు.

(వెనక నుంచి ఒకావిడ: వేరే ఆసుపత్రిలో చెప్పమంటున్నారు. చెబితే ఆపరేషన్ కూడా చేయకుండా పంపేశారు మా ఆయన్ని. మీరైతే చెప్తారా సార్?)

కూర్చోండమ్మా. మీరు అడిగిందానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. 2017లో హెచ్‌ఐవీ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. వైద్యం నిరాకరించడం, మీ సంగతి బయటపెట్టడం ఆ చట్టం ప్రకారం తప్పు. ఫిర్యాదు తీసుకుని విచారించడానికి అంబుడ్స్‌మన్ అనే అధికారి ఉండాలనీ అందులోనే రాసుంది. కానీ మంచం మీద ఉన్న మనిషికి చట్టం చదివే ఓపిక ఉండదని నాకు తెలుసు. రిసెప్షన్లో, ఆయాకి, పక్క బెడ్డు వాళ్లకి ఎవరికీ చెప్పక్కర్లేదు. మందు రాసే డాక్టరుకి ఒక్కరికే, తలుపు వేసి చెప్పండి. అదీ కుదరకపోతే, వాళ్లు రాసిన చీటీ ఫొటో తీసి మొదటి మాత్ర మింగేలోపే మాకు పంపండి. మీ ఏఆర్‌టీ పుస్తకం వెనక అట్ట మీద మన సెంటరు నంబరు రాసిపెడతాం, ఈరోజు అందరూ రాయించుకునే వెళ్లండి. మేం చూసి పేచీ ఉందనుకుంటే మీ అనుమతితో ఆ డాక్టరుతో మేమే మాట్లాడతాం. ఈలోగా ఏ మందూ మీ అంతట మీరు ఆపొద్దు, ఇదీ, అదీ. పొద్దున ఓపీ రద్దీలో ఫోన్ ఎత్తకపోవచ్చు. రెండు దాటాక మళ్లీ చేయండి, ఎత్తుతాం.